చెదలకు అడవిభక్త బిరుదు

ఒక పెద్ద అడవిలో ఏటికి ఇవతల ఇళ్ళు, అవతల మేత ఉండేవి. మధ్యలో మూడు దూలాల వంతెన. దాన్ని కట్టించింది అడవి పంచాయతీ అధ్యక్షుడు కొండలరాయుడు గారు. ఆయన అడవిదున్న. స్వతహాగా మంచివారే గానీ, వంతెనను ఏమన్నా అంటే తనను అన్నట్టే బాధపడేవారు.

వంతెన కింద, ఏటి ఒడ్డున మంగతాయారు అనే తీతువు పిట్ట కాపురం. పైన నడిచేవాళ్ళకు కనిపించనిది ఆమెకు కింది నుంచి కనిపించేది. ఒకరోజు పంచాయతీ సమావేశంలో లేచి నిలబడింది.

"అయ్యగారూ, నడిమి దూలానికి చెదలు పట్టాయి. ఏరు పొంగకముందే మార్పించండి. రోజూ పిల్లాజెల్లా దాని మీదే నడుస్తున్నారు."

కొండలరాయుడు గారి ముఖం చిన్నబోయింది. పక్కనే కార్యదర్శి వినయభూషణం కూర్చుని ఉన్నాడు. నక్క. ఏ విషయం మీదైనా అధ్యక్షుడి ముఖం చూశాకే తన అభిప్రాయం ఏమిటో తెలుసుకునేవాడు.

"అమ్మా మంగతాయారూ," అన్నాడు వినయభూషణం, "ఈ మాట పక్క అడవివాళ్ళ చెవిన పడితే మన పరువేం కావాలి? అడవి మీద ప్రేమ ఉన్నవాళ్ళ కంటికి చెదలు కనిపిస్తాయా?"

"ప్రేమ ఉంది గనకే వంగి చూశానండీ. పక్క అడవి వంతెన గురించి నేనెప్పుడైనా అడిగానా?"

కొండలరాయుడు గారు గొంతు సవరించుకున్నారు. "నేను నీకేం అన్యాయం చేశాను మంగతాయారూ?"

"మీరు నాకేమీ చెయ్యలేదండీ. నేను దూలం సంగతి చెబుతున్నాను."

ఆ సాయంత్రానికే అభిమాన చట్టం వచ్చింది. అడవిని గానీ, పంచాయతీని గానీ, వంతెనను గానీ పొగడాలి. ఇంకేమన్నా అంటే అడవిద్రోహం. మొదటి ద్రోహిగా మంగతాయారు పేరు రాసి, ఆమె మెడలో ఓ బెరడు పలక కట్టారు. ఆమె చెప్పేది ఎవరూ నమ్మకూడదు, ఇంకొకరికి చెప్పకూడదు.

మొదట్లో అందరూ భయపడ్డారు. తర్వాత కిటుకు దొరికింది.

"మన వంతెన ఎంత మెత్తనైందో," అంది ఓ లేడి, పొగడ్తలు రాసుకునే వినయభూషణం దగ్గరికి వచ్చి. "కాలు వేస్తే గిట్ట మొత్తం లోపలికి దిగిపోయింది."

"మెత్తనిది," అని రాసుకున్నాడు వినయభూషణం.

"అడుగు వేసినప్పుడల్లా పలకరిస్తుందండీ. కిర్రుమని," అంది కుందేలు.

"స్నేహశీలి."

"గాలి వస్తే ఉయ్యాల కూడా ఊపుతుంది. నిన్న మా ఆవిడకు కళ్ళు తిరిగాయి," అన్నాడు ముళ్ళపంది.

"వినోదం ఉచితం."

ఈ పొగడ్తలన్నీ రోజూ ఉదయం అధ్యక్షుడికి చదివి వినిపించేవారు. వింటూ వింటూ ఆయన కళ్ళు చెమర్చేవి. జనానికి వంతెనంటే ఇంత ఇష్టమని తనకే తెలియదని అనేవారు. వారం తిరిగేసరికి ఉత్తమ అడవిభక్త బిరుదు ఇవ్వాలని నిర్ణయించారు. దరఖాస్తులు ఆహ్వానిస్తే అందరికంటే ముందు చెదలు వచ్చాయి.

"మా వాళ్ళు ఇంతవరకు వంతెన మీద ఒక్క మాట అనలేదండీ," అంది చెదల పెద్ద. "నోరు తినడానికే సరిపోతోంది. రాత్రీ పగలూ దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాం. చెప్పాలంటే మా ప్రాణమంతా అందులోనే ఉంది."

వినయభూషణం రికార్డులు తిరగేశాడు. నిజమే, చెదల మీద ఒక్క ఫిర్యాదూ లేదు. బిరుదు చెదలకే ఇచ్చారు. నువ్వుగింజంత చెదపురుగుకు ఏనుగంత దండ తెచ్చారు. దండ కింద అది కనిపించక, మూడుసార్లు వెతికి మరీ చప్పట్లు కొట్టారు.

ఆ ఉత్సాహంలో కొండలరాయుడు గారు మరో ప్రకటన చేశారు. మర్నాడు అభిమాన యాత్ర. వంతెన మీదుగా తాను ముందు నడుస్తారు, వెనకాల అడవంతా నడవాలి.

మర్నాటికి పైన కొండల్లో వాన పడి ఏరు బురదగా పరుగెడుతోంది. అడవంతా వరసగా నిలబడింది. వంతెన సంగతి అందరికీ తెలుసు. అయినా అందరి ముఖాల్లో చిరునవ్వులున్నాయి. ముసలి తాబేలు మాత్రం ధైర్యం చేసింది.

"అయ్యా, మీ గొప్పతనాన్ని మోసేంత శక్తి ఈ వంతెనకు ఎక్కడిది? కాస్త ఆలోచించండి."

"అదీ నిజమే తాతా," అని మురిసిపోయి అధ్యక్షుడు వంతెన ఎక్కారు.

ఒడ్డున ఉన్న మంగతాయారు ఒక్క ఉదుటున లేచింది. రెక్కలు కొట్టుకుంటూ ఆయన ముఖానికి ఎదురుగా ఎగిరింది. "దిగండయ్యా. దూలం చీలుతోంది. ఒక్క అడుగు కూడా వెయ్యకండి."

"ద్రోహి అరుస్తోంది, ఎవరూ వినకండి," అన్నాడు వినయభూషణం, ఒడ్డు మీదే నిలబడి.

కొండలరాయుడు గారికి రోషం వచ్చింది. వంతెన ఎంత గట్టిదో చూపించడానికి ముందుకాలు ఎత్తి గట్టిగా తాటించారు.

దూలం విరిగింది. అధ్యక్షుడు ఏట్లో పడి, మెడ దాకా ఒండ్రులో కూరుకుపోయారు.

"దిక్కుమాలిన వంతెన," అని అరిచారాయన. "ఎవడు కట్టాడు దీన్ని?"

ఒడ్డున అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తాబేలు మెల్లగా అంది, "అలా అనకండయ్యా. ద్రోహం అవుతుంది."

"నేను మునిగిపోతున్నానురా."

"ఏలినవారు ఏట్లో కొలువు తీరారు," అంది కుందేలు, ఏడుపు ఆపుకుంటూ. అంతకు మించి అనే హక్కు దానికి లేదు.

"ఎంత అందంగా దిగారో," అంది లేడి.

"ఆ చట్టం రద్దు చేస్తున్నాను," అన్నారు అధ్యక్షుడు. నీళ్ళు గడ్డం దాటాయి.

వినయభూషణం చట్టం కాగితం తీశాడు. "చట్టం బాగాలేదని అంటేనే కదండీ రద్దు చెయ్యడం. అలా అనడమూ నేరమే. నేనే రాశాను."

అడవి మొత్తంలో ఉన్నమాట చెప్పగలిగింది ఒక్క మంగతాయారే. ఆమెకు శిక్ష ఎటూ పడిపోయింది. "ఆయన చచ్చిపోతున్నాడు," అని అరిచింది. "కోతుల్లారా, తీగలు తెండి. ఎలుగుబంట్లు ఇటు రండి, కొమ్ములకు ముడి వెయ్యండి. లాగండి."

ఎవరో ఒకరు ఆ మాట అనాలనే ఎదురుచూస్తున్నట్టు అందరూ ఒక్కసారిగా కదిలారు. చాలాసేపు లాగితే గానీ ఆయన బయటికి రాలేదు.

ఒడ్డున బురదలో కూర్చుని, ఊపిరి అందాక, ఆయన మంగతాయారు వైపు చూశారు. "మెడలో పలక కట్టించాను నీకు. ఊరుకుని చూస్తుంటే సరిపోయేదిగా. ఎందుకు అరిచావు?"

"మీ ఒక్కరి కోసమే కాదండీ. మీ వెనకాల అడవంతా వరసలో ఉంది."

ఆయన బురదలోంచి లేచి ఆమె దగ్గరికి నడిచారు. తర్వాత తానే పళ్ళతో ఆమె మెడలోని తాడు కొరికి తెంపారు. వారంలో కొత్త దూలాలు పడ్డాయి. పిల్లలు గంతులేస్తూ మేతకు వెళ్ళొచ్చారు.

కథ అక్కడితో ఆగేదే. కానీ కొండలరాయుడు గారు ఏదైనా సగం చేసే రకం కాదు. విమర్శ ఇంత మంచిదని తెలిశాక విమర్శ చట్టం తెచ్చారు. ప్రతి ప్రాణీ వారానికి రెండు తప్పులు తప్పనిసరిగా చూపించాలి. ఆ శాఖకు వినయభూషణమే కార్యదర్శి. తన జీవితమంతా ప్రశ్నించడమే నేర్చుకున్నానని అతను ప్రమాణం చేశాడు.

మొదటి వారం అడవంతా ఆవులిస్తూ తప్పులు రాసిచ్చింది. కుందేలు ఎండ ఎక్కువగా ఉందని రాసింది. మంగతాయారు వంతెన కిందికి వెళ్ళి, మూడు దూలాలూ తట్టి చూసి వచ్చింది.

"ఏం తప్పులు కనిపించాయి?" అని అడిగాడు వినయభూషణం.

"ప్రస్తుతానికి వంతెన బాగానే ఉందండీ."

వినయభూషణం ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, కొత్త పలక ఒకటి తెప్పించాడు.

నీతి: అడవిని నిజంగా ప్రేమించేవాళ్ళను గుర్తుపట్టడం చాలా తేలిక, ఏ చట్టం వచ్చినా మొదటి కేసు వాళ్ళ మీదే ఉంటుంది.