సత్రం తలుపు దగ్గర నా దొంగ

కొత్తవాళ్లను ఆటలో చేర్చుకునే ముందు రెండు నెలలపాటు క్లాసు పీకడం మానవజాతికి మహోపకారం. నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నల్లగండ్లలోని మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట జరుగుతుంది. జరుగుతుందనే అంటారు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వేషం కట్టాలి. ఒకడు కథ చెబుతూ మధ్యలో ఆపి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. మనం ఏదో ఒకటి చెప్పి పాచికలు వెయ్యాలి. ఆటంటే అంతే. నాది దొంగ వేషం. వారమంతా ఆఫీసులో పెద్దమనిషిగా ఉంటాను కదా, మార్పు కోసం.

కథ చెప్పేవాడు హేమంత్. కడప మనిషి, ఐటీలో ప్రాజెక్ట్ మేనేజర్. కొత్త ఉద్యోగికి పాత ఉద్యోగి పని అప్పజెబుతూ చెప్పే పాఠాలను వాళ్లు కేటీ అంటారు. అది పూర్తికాకుండా హేమంత్ ఎవరినీ కీబోర్డు ముట్టుకోనివ్వడు. అందుకే ఆటకూ కేటీ పెట్టాడు. ప్రొజెక్టర్ కూడా తెచ్చాడు!

మొదట వజ్రకూట రాజ్యపు భూగోళం. తర్వాత రాజవంశాలు. ఆ తర్వాత రాజుగారి నాయనమ్మ మిరియాల మీద సుంకం ఎందుకు ఎత్తేసింది, దానికి గుహల్లోని మరుగుజ్జులు ఎందుకు అలిగారు. ఇంత విజ్ఞానం ఊరికే వస్తుంటే చేదా? మా పక్క ఫ్లాటాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మరుగుజ్జుల సేనాపతి మేనమామ పేరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇంకో లాభం చూడండి. ఆట ఆడితే దొంగ ఏదో ఒక రోజు చస్తాడు. ఆడకపోతే ఎలా చస్తాడు? నా దొంగ పుట్టినప్పటి నుంచీ ఒక సత్రం తలుపు ముందే నిలబడి ఉన్నాడు, ఒంటిమీద గీత పడలేదు. ఏ హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తుందండీ ఇంత భరోసా?

మొన్న సుంకాల మీద రెండో భాగం నడుస్తుండగా, కొత్తగా చేరిన రజిత చెయ్యెత్తింది. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. దేన్నయినా నొక్కి చూడనిదే నమ్మదు.

"జర ఆగు హేమంత్. నేను సత్రం తలుపు తీస్తున్న. లోపల ఏముంది?"

హేమంత్ స్లైడ్లు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"అది ఇంగా రాయలేదబ్బా. మీరు తీస్తారనుకోలేదు."

నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది, తలుపు వెనక గది లేదు.

"రాయకుంటే ఏంది? ఇప్పుడే చెప్పు."

హేమంత్ చెమట తుడుచుకున్నాడు. "లోపల ఒక ముసలమ్మ ఉల్లిగడ్డలు తరుగుతా ఉంది. మిమ్మల్ని చూసి కత్తి పట్టుకోని లేచింది."

అందరం ఒక్కసారిగా కుర్చీలు ముందుకు జరుపుకున్నాం. అతను ప్రొజెక్టర్ ఆపేసి నావైపు తిరిగాడు.

"నువ్వేం చేస్తావన్నా?"

రెండు నెలలుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. వారమంతా నన్ను స్టేటస్ అడిగేవాళ్లే గానీ, ఏం చేస్తావని అడిగేవాళ్లు లేరు. దూకనా? పారిపోనా? ఉల్లిగడ్డలు దొంగిలించనా? గొంతు సవరించుకున్నాను.

"ఆ ముసలమ్మది ఏ వంశం?" అన్నాను.

రజిత తల పట్టుకుంది. హేమంత్ ముఖం వెలిగిపోయింది. ప్రొజెక్టర్ మళ్లీ ఆన్ చేశాడు.