మూడోవాడి సాక్ష్యం

పౌరుడికీ కుళాయికీ మధ్య ఇన్నాళ్లూ అడ్డుగోడలా నిలిచిన పాస్‌వర్డును నేటితో కూలగొడుతున్నామని జలమండలి డైరెక్టరుగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. తెర తొలగించగా కంప్యూటరు మీద నీలం బొత్తాం ఒకటి కనిపించింది. ఇకమీదట నీళ్లు రాకపోయినా, మురికిగా వచ్చినా, పైపు పగిలినా ఆ బొత్తాం నొక్కి, జనం తమకు ఎలాగూ ఖాతా ఉన్న, ఫోటోలూ పలకరింపులూ పంచుకునే స్నేహాల సైటు ద్వారా లోపలికొచ్చి ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఈ సంస్కరణకు బలమైన కారణమే ఉంది. జనం పాస్‌వర్డులు మరిచిపోయి ఫిర్యాదులు పెట్టలేకపోయేవారు. దానివల్ల నీటి ఫిర్యాదులు సగానికి తగ్గిపోగా, మండలి పనితీరు మెరుగుపడిందని కొంతకాలం సంబరపడ్డారు కూడా. తర్వాత ఎవరో అసలు సంగతి పత్రికల్లో రాశారు.

ఆ బొత్తాం తయారుచేసింది మండలిలో ప్రోగ్రామరుగా పనిచేస్తున్న ఒక ఇంటి కోడలు. అదెలా పనిచేస్తుందో డైరెక్టరుగారికి ఆమే విడమరిచి చెప్పింది.

"వచ్చినవాళ్లెవరో మనం పోల్చుకోనక్కర్లేదండి. సైటువాళ్లు పోల్చి, 'ఆవిడే, రానివ్వండి' అంటారు. మనం తలుపు తీస్తాం."

డైరెక్టరుగారి కళ్లు చెమర్చినంత పనైంది. బాధ్యతను పక్కవాడి నెత్తిన పెట్టడం మండలికి పుట్టుకతో వచ్చిన విద్యే గాని, అది యంత్రం చేత చేయించవచ్చని ఆయనకు అంతవరకు తెలియదు.

"వాళ్లు ఇంకేమేం ఇస్తారమ్మా?"

"పేరు, ఈమెయిలు మనకు చాలండి. అడిగితే ఫోటో, పుట్టినరోజు, స్నేహితుల వివరాలు కూడా ఇస్తారు."

"ఊరికే వస్తుంటే వదులుకోవడమేంటి? అన్నీ అడుగు."

"నీళ్లకీ పుట్టినరోజుకీ సంబంధం ఏంటండీ?"

"శుభాకాంక్షలు పంపుదాం."

అలా వారాల తరబడి చుక్క నీరు చూడని వీధులకు సైతం పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం ఠంచనుగా అందసాగాయి. రెండు తలుపులుంటే జనం తికమకపడతారని పాస్‌వర్డుతో వచ్చే పాత తలుపు పీకించేశారు. పీకింది కూడా కోడలే.

ఆ ఏటి వర్షాల్లోనే ఆమె ఇంటి ముందు పైపు పగిలింది. నీళ్లు గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చాయి. అత్తగారు బియ్యం డబ్బాను స్టూలెక్కించి, తాను కుర్చీ ఎక్కి, ఫోను తీసి నీలం బొత్తాం నొక్కింది. కనెక్షను ఆవిడ పేరు మీదే ఉంది మరి.

కాని ఆ ఉదయమే ఆవిడ ఆ సైటులో చుట్టపక్కాలందరికీ ఒకేసారి శుభోదయం చెప్పి ఉంది. అంత మర్యాద మనుషులకు అసాధ్యమని స్నేహాల సైటుకు అనుమానం వచ్చింది. మీరు మీరేనని రుజువు చేసుకోవాలంటే మీ స్నేహితులను ఫోటోల్లో గుర్తుపట్టండి అంది. మొదటి ఫోటోలో గులాబీ పువ్వు ఉంది. రెండోదాంట్లోనూ గులాబీయే. మూడోది సూర్యోదయం.

"ఇది మా ఆడపడుచు గులాబీనా, వియ్యపురాలి గులాబీనా?" అని అత్తగారు చాలాసేపు తర్జనభర్జన పడి ఆడపడుచువైపు మొగ్గింది. అది వియ్యపురాలిదట. ఖాతా మూసుకుపోయింది.

సాయంత్రం కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకి అడుగుపెట్టింది.

"నేను నేనేనని చెప్పడానికి మధ్యలో వాడెవడే?" అంది అత్తగారు కుర్చీ మీంచే.

"మూడోవాడంటారు, అత్తయ్యా."

"నన్నెప్పుడైనా చూశాడా?"

"లేదు."

"నువ్వు రోజూ చూస్తున్నావుగా. మీ ఆఫీసులో నువ్వే చెప్పు."

కోడలు బకెట్టు అందుకుంది. సైటు మాట తప్ప తన మాట చెల్లదన్న నియమం ప్రోగ్రాములో రాసింది తనే.

మర్నాడు మండలి పైపుల మేస్త్రీ ఆ దారినే పోతుంటే కోడలు ఆపింది. అతను పిక్కల్లోతు నీళ్లలో నిలబడి ఫోను చూసుకున్నాడు.

"ఈ వీధిలో ఫిర్యాదేం లేదమ్మా."

"మీరు నిలబడ్డది నీళ్లల్లో కాదా?"

"నీళ్లే. లీకు చాలా పెద్దది. తొందరగా ఫిర్యాదు పెట్టించండి," అని జాగ్రత్త చెప్పి, ప్యాంటు పిండుకుని వెళ్లిపోయాడు.

పాత తలుపు మళ్లీ పెట్టనివ్వమని కోడలు డైరెక్టరుగారిని వేడుకుంది. ఆయన సానుభూతితో విన్నారు. "అంతటి సంస్థకే మీ అత్తగారు తెలియకపోతే, మనబోటివాళ్లకు ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు. నీటి బిల్లు మీద మాత్రం అత్తగారి పేరు ఏ నెలా తప్పు పోలేదు. చివరికి ఆయన కోడలి ముఖం చూడలేక, బొత్తాం పైన ఒక నోటీసు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

ఆమె కసిగా, పెద్ద అక్షరాలతో, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేట్టు రాసింది: "ఇది నొక్కితే మీ ఫోటో, పుట్టినరోజు, స్నేహితుల వివరాలు మాకొస్తాయి. నీళ్లు ఎప్పుడొస్తాయో మాకూ తెలియదు. ఇవేవీ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఈ కింది గీత మీద నొక్కి పాస్‌వర్డుతో పాత దారిన రండి." డైరెక్టరుగారు చదవకుండానే సంతకం చేశారు. మధ్యాహ్నానికి పాత దారి తెరుచుకుంది.

ఆ శుభవార్త స్వయంగా చెప్పాలని ఆమె పరుగున ఇల్లు చేరింది. అప్పటికే అత్తగారు కెమెరా ముందు తల కుడికీ ఎడమకూ తిప్పి చూపించి, తాను మనిషినేనని సైటును ఒప్పించి ఖాతా తెరిపించుకుంది. ఫిర్యాదు కూడా నమోదైపోయింది. పైపుల మేస్త్రీ వీధిలో తవ్వుతున్నాడు.

"నీలం బొత్తామే నొక్కారా? పైన రాసింది చదవలేదా, అత్తయ్యా?"

"నువ్వు రాసిందే కదే! చదివితే నిన్ను నమ్మనట్టు కాదూ?"

కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అత్తగారు ఇన్నేళ్లలో అంత ప్రేమగా మాట్లాడింది ఎప్పుడూ లేదు.

నెలాఖరు సమావేశంలో లెక్కలు తీశారు. పాత దారిన ఒక్క నరపురుగు కూడా రాలేదు. "స్వేచ్ఛ ఇచ్చి చూశాం. విజ్ఞులైన మన ప్రజలు అన్నీ తెలిసే నీలం బొత్తాన్ని ఎన్నుకున్నారు," అని డైరెక్టరుగారు గద్గద స్వరంతో అన్నారు. ఇక నోటీసు అనవసరమనీ, పాత దారి శాశ్వతంగా మూసెయ్యాలనీ, ఇకమీదట పౌరుల ఫోనుల్లోని నంబర్లన్నీ కూడా తీసుకోవాలనీ తీర్మానం రాసి అందరి ముందుకూ పంపారు. అది కోడలి దగ్గరకొచ్చేసరికి టీ వచ్చింది. పక్కాయన కలం అందించాడు. మిగతావాళ్లు సంతకాలు చేసిన చోటు కిందే ఆమె కూడా చదవకుండానే చేసి, కాగితం పక్కకు జరిపింది.

ఆమెను తప్పుపట్టాలని మీకు ఉంటుంది. తప్పకుండా పట్టండి. కాకపోతే ముందు, మీరు కిందటిసారి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కింది దేనికో కాస్త గుర్తు తెచ్చుకుని రండి.