సుగెంగ్ నవ్వని శుక్రవారం

శుక్రవారం పొద్దున్నే సుగెంగ్ అద్దం ముందు నిలబడి మొహం బిగించడం సాధన చేస్తున్నాడు. సెమరాంగ్ రేవుకు దగ్గర్లో ఉన్న బిస్కెట్ల గోదాములో నిన్నటిదాకా అతను హమాలీ. ఇవాళ్టి నుంచి అదే జట్టుకు సూపర్‌వైజర్. కొన్నాళ్ళు చూస్తామనీ, జట్టు మాట వినకపోతే మళ్ళీ పెట్టెలు మోయాల్సిందేననీ మేనేజరు హెర్లీనా ముందే చెప్పింది.

భార్య లస్మి టీ గ్లాసు అందిస్తూ అతని మొహాన్ని పరీక్షించింది.

"పళ్ళు కనిపిస్తున్నాయి."

"వాటంతట అవే కనిపిస్తుంటే నేనేం చెయ్యనే?"

"నోరు ముయ్యి. నువ్వు నవ్వావంటే వాళ్ళు భుజం మీద చెయ్యేస్తారు. చెయ్యేసినవాడికి పని చెప్తే చేస్తాడా? ఇంటి కబుర్లు కూడా చెప్పకు."

లోపలి గదిలోంచి అత్తగారు సరింతెన్ దగ్గింది. ఆయాసంతో ఆసుపత్రిలో పడి, నిన్న సాయంత్రమే ఇంటికొచ్చింది. "మొహం సంగతి తర్వాత, ముందు గొంతు పెంచమను అల్లుణ్ణి!" అని కేకేసింది. ఆవిడ గొంతుకు మాత్రం ఏ ఆయాసమూ లేదు.

కొత్త ఉద్యోగంతో పాటు కంపెనీ కొత్త బూట్లు కూడా ఇచ్చింది. అవి ఒక సైజు చిన్నవి. మేనేజరు స్వయంగా చేతికిచ్చినవి కదా అని సుగెంగ్ నోరెత్తలేదు. కుంటుకుంటూ గోదాము గేటు దాటేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

జట్టంతా వరసగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ సుగెంగ్ వచ్చాడంటే ముందు నవ్వు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేవాడు. ఇవాళ బిగుసుకున్న మొహం, ఎర్రబడ్డ కళ్ళు వచ్చాయి. అతనితో ఏళ్ళ తరబడి పెట్టెలు మోసిన పర్మాన్ దగ్గరికొచ్చాడు.

"ఏంటన్నా అలా ఉన్నావు? అత్తమ్మకెలా ఉంది?"

ఇంటి కబుర్లు చెప్పకూడదు కదా. "అదంతా నిన్న సాయంత్రంతో అయిపోయింది," అన్నాడు సుగెంగ్. "ఇక దాని గురించి మాట్లాడొద్దు. పని చూడండి."

పర్మాన్ పెదవులు కదిపి ఏదో ప్రార్థన చదువుకుని, వెనక్కి నడిచాడు. కాసేపట్లో గోదాము మొత్తం నిశ్శబ్దమైపోయింది. పాట లేదు, తగువు లేదు, సిగరెట్టు కోసం వెళ్ళి మాయమయ్యేవాడు లేడు. కలిమంతాన్ దీవికి పోయే ఓడకు వెళ్ళాల్సిన సరుకు, సాయంత్రం దాకా పట్టేది, మధ్యాహ్నం కాకముందే లారీలోకి ఎక్కేసింది. సుగెంగ్ తన మొహానికున్న శక్తికి తనే ఆశ్చర్యపోయాడు.

ప్రార్థన వేళవుతుండగా పర్మాన్ చేతులు కట్టుకుని వచ్చాడు. "అన్నా, మేమందరం ఒకసారి వెళ్ళొస్తాం."

శుక్రవారం నమాజుకు సెలవడగడం కొత్తగా ఉంది. భయమంటే ఇలా ఉండాలి అనుకున్నాడు సుగెంగ్. "వెళ్ళండి. త్వరగా ముగించుకుని రండి."

"త్వరగానా? నువ్వు రావా మరి?"

"గోదాము వదిలి ఎలా వస్తాను? నా వంతు ఇక్కడే కానిస్తాను."

పర్మాన్ ఇక ఆపుకోలేక అతన్ని కావలించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్లను కావలించుకోవచ్చా లేదా అన్నది లస్మి చెప్పలేదు.

సుగెంగ్ గోదాములోనే ఓ మూల నమాజు ముగించుకుని బయటికొచ్చేసరికి జట్టూ లేదు, సరుకుతో ఉన్న లారీ కూడా లేదు. ఆ ఖాళీ జాగాలో హెర్లీనా నిలబడి ఉంది. గుండె జారి బూట్లలో పడింది. అక్కడ దానికీ చోటు చాలలేదు.

"నాకంతా తెలిసింది సుగెంగ్," అందామె మెల్లగా. "ఇలాంటి రోజున కూడా పనికొచ్చారా?"

"మొదటి రోజు కదా మేడమ్..."

అప్పుడే ఫోను మోగింది. అవతల లస్మి అరుస్తోంది. "ఎక్కడున్నావు? మసీదు మైకులో మా అమ్మ చనిపోయిందని చెప్పారు! అమ్మ విని, పాపం ఎవరో నా పేరే అంది. అంతలో చావుకు పంపే పూల బోర్డు, ఇల్లంతది, దిగింది. దాని మీద అమ్మ పేరే ఉంది! వెనకాలే మీవాళ్ళు లారీ నిండా ఏడుస్తూ దిగారు! వీధివాళ్ళు పందిరి వేసేస్తున్నారు!"

సుగెంగ్ గోడ పట్టుకున్నాడు. హెర్లీనా అతని మోచెయ్యి పట్టుకుంది. "పదండి, నా కారులో దింపుతాను."

"మేడమ్, మా అత్తగారు..."

"చెప్పొద్దు. ఏడవండి, పరవాలేదు."

దారి పొడవునా అతను నోరు తెరిచినప్పుడల్లా ఆమె కాగితం రుమాలు అందిస్తూనే ఉంది.

వీధి మొదట్లోనే కారు ఆగిపోయింది. ముందు మోటారు సైకిళ్ళు, కుర్చీలు, పందిరి. వాటి మధ్య ఇరుక్కుని రేవుకు వెళ్ళాల్సిన లారీ. ఇంటి ముందు, తన సంతాపపు పూల బోర్డు కిందే కుర్చీ వేసుకుని సరింతెన్ కూర్చుంది. పర్మాన్ ఆవిడ కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉన్నాడు.

"డెబ్బైనాలుగేళ్ళదాన్ని పట్టుకుని ఎనభై ఒకటని రాయిస్తావా?" అని ఆవిడ నిలదీస్తోంది.

"చచ్చిపోయావనుకున్నాం అత్తమ్మా!"

"అయితే వయసు పెంచేస్తావా?"

బోర్డు తెచ్చినవాళ్ళు దాన్ని తిరిగి తీసుకుపోతామన్నారు. సరింతెన్ ముట్టుకోనివ్వలేదు. నా పూలు నేను చూసుకునే అదృష్టం నా ఈడువాళ్ళలో ఎవరికి పట్టిందని అడిగింది.

హెర్లీనా ముసలావిడనూ, లారీనీ, చేతి గడియారాన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆమె గొంతు మారిపోయింది. "సాయంత్రం ఓడ. ఈ లారీని ఇక్కడికి పంపిందెవరు?"

జట్టంతా తలొంచుకుంది. పర్మాన్ లేవబోయాడు. సుగెంగ్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"నేనే మేడమ్. వెళ్ళమన్నది నేనే. నవ్వితే మాట వినరని మొహం బిగించుకొచ్చాను. వీళ్ళు దాన్ని చావు మొహం అనుకున్నారు."

హమాలీ పని మళ్ళీ ఖాయమనిపించాక అతనికి ఒక్కసారిగా తేలికైంది. బూట్లు విప్పి గుమ్మం పక్కన పడేశాడు. ఉత్త కాళ్ళతో లారీ ముందుకు నడిచి, పాత గొంతుతో అరిచాడు.

"ఒరేయ్ పర్మాన్, ఏడుపాపి ఆ పందిరి గుంజలు పట్టు! మిగతావాళ్ళు బళ్ళు ఎత్తి పక్కన పెట్టండి! అత్తమ్మా, కాస్త జరుగు, నీ చావుకొచ్చినవాళ్ళు వెళ్ళాలి!"

ముందు నవ్వింది సరింతెనే. ఆ తర్వాత వీధంతా నవ్వింది. బళ్ళు గాల్లోకి లేచాయి, కుర్చీలు మాయమయ్యాయి, పందిరి ఒరిగింది. సుగెంగ్ నవ్వుతూ, తిడుతూ, చేతులూపుతూ లారీని అంగుళం అంగుళం వెనక్కి నడిపించాడు. ఒక్క పూలకుండీ మాత్రం పగిలింది. లారీ రేవు చేరేసరికి ఓడ ఇంకా కట్టేసే ఉంది.

మర్నాడు హెర్లీనా అతన్ని పిలిచింది. సుగెంగ్ పాత చొక్కా వేసుకుని, మోతకు సిద్ధపడే వెళ్ళాడు.

"వెళ్ళి జట్టును చూసుకోండి," అందామె, కాగితాల మీంచి తలెత్తకుండా. "నిన్న మీరు మొహం బిగిస్తే లారీ తప్పిపోయింది. నవ్వితే రేవుకు చేరింది. నాకు సరుకు చేరడం ముఖ్యం."

ఆ తర్వాత గోదాములో ఎవరింటి నుంచి చావు కబురొచ్చినా, పూలకు చెప్పేముందు వెళ్ళి శవాన్ని చూసి రావడం కూడా సూపర్‌వైజర్ బాధ్యతల్లో చేరింది.