చెల్లని పేర్లవాళ్ళు

"చెల్లని వివరం ఒక్కటి కూడా మన గడప దాటదు. దాటలేదు. దాటబోదు!"

రఘురామ్ ఈ మహా ప్రకటన చేసేటప్పుడు విన్నది శ్రుతి ఒక్కతే. ఆమె కుర్చీలు సర్దుతోంది.

రఘురామ్ ఢిల్లీ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ బృందానికి అధ్యక్షుడు. వారమంతా గురుగ్రామ్‌లో ఉద్యోగం, ఆదివారం ప్రవచనం. కంప్యూటర్‌కు ఇచ్చే ప్రతి వివరానికీ ముందే ఒక 'టైపు', అంటే రకం, నిర్ణయించాలి, దానికి నప్పనిదాన్ని లోపలికి రానివ్వకూడదు, ఒకసారి రాసింది మార్చకూడదు. ఇదీ ఆయన మతం!

ఈసారి సమావేశం మయూర్ విహార్‌లో, బృంద సభ్యురాలు శ్రుతి ఉండే అపార్ట్‌మెంట్ల సొసైటీ హాల్లో. ఒక కొత్త కంప్యూటర్ భాషకు టైపుల వ్యవస్థ కట్టిన సుందరరామయ్య గారు హైదరాబాదు నుంచి వస్తున్నారు. "తప్పు రాయడమే అసాధ్యమయ్యే టైపు కట్టగలమా?" అని ఆయన్ను అడిగి, నలుగురి ముందూ "మంచి ప్రశ్న" అనిపించుకోవాలని రఘురామ్ ఆరు నెలలుగా కలలు కంటున్నాడు.

పేర్ల నమోదు ఫారం స్వయంగా తనే తయారుచేశాడు. ఇంటిపేరుకు కనీసం మూడు అక్షరాలుండాలి, చుక్క పనికిరాదు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకున్న దక్షిణాది వాళ్ళందరికీ ఆ ఫారం "చెల్లదు" అని మర్యాదగా చెప్పింది.

"వారంలో ఇద్దరే నమోదయ్యారండీ!" అంది శ్రుతి.

"అచ్ఛా! నాణ్యత చూశారా? ఒక్క తప్పుడు ఎంట్రీ లేదు!"

ఆ జాబితాను పొద్దున్నే గేటు దగ్గర గార్డుకు ఇచ్చాడు. "భయ్యా, లిస్ట్ పక్కా. ఎవరడిగినా మార్చొద్దు. నేనడిగినా సరే!"

"ఠీక్ హై సాబ్."

పదింటికి హాల్లో నలభై కుర్చీలు, చటర్జీ గారూ, మల్హోత్రా గారూ. ఇద్దరికీ ఇంటిపేర్లు నిండుగా ఉన్నాయి. అప్పుడు ఫోన్ మోగింది.

"బాబూ, గేటు బయట ఉన్నాను. మీ ఫారం నన్ను మూడుసార్లు తిప్పికొట్టింది. నేను కె. సుందరరామయ్యని. ఇక్కడ నాలాంటివాళ్ళు ముప్పైమంది దాకా ఉన్నారు."

రఘురామ్ పరుగున గేటు దాటాడు. వెనకాలే గార్డు గేటు మూసేశాడు.

"భయ్యా, వీళ్ళంతా మనవాళ్ళే!"

"లిస్ట్ మే నహీ హై సాబ్."

"పోనీ, నన్నయినా పోనివ్వు!"

"ఆప్‌కా నామ్ భీ నహీ హై."

నిజమే! అధ్యక్షుడు తన ఫారం తానే ఎన్నడూ నింపలేదు. నింపినా లాభం లేదు, ఆయన వి. రఘురామ్.

"గోడ గట్టిగా కట్టారు బాబూ. తలుపు ఎటువైపు పెట్టారు?" అన్నారు సుందరరామయ్య గారు, చెమట తుడుచుకుంటూ. రఘురామ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో శ్రుతి వచ్చింది. అక్కడ ఉండేవాళ్ళ చుట్టాలు ఎంతమంది వచ్చినా సొసైటీకి అభ్యంతరం లేదు. గార్డు దగ్గర నోటుబుక్కు తీసుకుని, బాబాయికి హిందీలో "చాచా" అంటూ వరసగా రాసింది: బాబాయి, బాబాయి, పిన్ని, బాబాయి...

గార్డు కళ్ళు తేలేశాడు. "ఇత్‌నే చాచా, దీదీ?"

"హమారా పరివార్ బడా హై, భయ్యా."

అందరూ వెళ్ళాక రఘురామ్ మిగిలాడు. "ఔర్ ఆప్?" అన్నాడు గార్డు.

శ్రుతి కంటే రెండేళ్ళు చిన్నవాడైన రఘురామ్ గొంతు తగ్గించి అన్నాడు. "మై భీ చాచా."

అయిదు నిమిషాల్లో వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. "మిత్రులారా! ఈ సభలోకి చెల్లని వివరం ఒక్కటి కూడా రాలేదు!" బాబాయిలందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, ఆరు నెలలుగా దాచుకున్న ప్రశ్న అడిగేశాడు.

సుందరరామయ్య గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మంచి ప్రశ్న, బాబాయీ!"