తువ్వాలు వేసిన మంచం

చలి పూర్తిగా పోలేదు, ఎండ పూర్తిగా రాలేదు. చిగురు వేద్దామా మానుదామా అని చెట్లు ఇంకా తటపటాయిస్తున్న రోజులు. అలాంటి ఒక పొద్దున దర్జీ బూట్ల తాళ్ళు బిగించుకుంటూ ఆనాటి పథకం బయటపెట్టాడు.

"మధ్యాహ్నానికల్లా తర్వాతి సత్రం గుమ్మంలో ఉంటాం. తలుపు తీయగానే కిటికీ పక్క మంచం నాది. ఇందులో తిరుగు లేదు."

"నిన్నా ఇదే చెప్పావు బావా. రాత్రి బల్ల మీద పడుకున్నాం" అన్నాడు బావమరిది.

"బల్లకీ నాలుగు కాళ్ళుంటాయి, మంచానికీ నాలుగు కాళ్ళుంటాయి. మీ అక్కకి చెప్పకు."

అసలు భయమంతా ఆ అక్కగారితోనే. వాళ్ళ ఊరినుంచి ఈ కాలినడక యాత్రకు వెళ్ళిన ప్రతి భుజానా వేలాడిన సంచి దర్జీ కుట్టిందే. సంచులన్నీ కొండమీది క్షేత్రం చూసొచ్చాయి గానీ, కుట్టిన మనిషి మాత్రం మిషను దాటి కదల్లేదు. మోకాళ్ళు మాట వింటున్నప్పుడే ఒక్కసారి వెళ్ళొస్తానని ఆయన కాళ్ళావేళ్ళా పడితే, ఇల్లాలు ఒక్క షరతు మీద ఒప్పుకుంది.

"రోజూ రాత్రి కప్పు కింద, మంచం మీద పడుకోవాలి. పోయిన చలికాలం షాపులో నేలమీద పడుకుని వారం రోజులు కుర్చీ ఆకారంలో తిరిగారు, గుర్తుందా? అరుగుల మీద దొర్లుతున్నారని తెలిసిందో, మర్నాడు తొలి బస్సుకి ఇంట్లో ఉండాలి!"

షరతు పెట్టి ఊరుకోకుండా, పక్కన నిఘాకు తమ్ముణ్ణి పంపింది. ఆ తమ్ముడు రిటైరైన బస్సు కండక్టరు. కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఆపుకునేవాళ్ళతో జీవితమంతా యుద్ధం చేసినవాడు. "సీటు మనిషిది, తువ్వాలుది కాదు" అన్నది ఆయన వేదవాక్యం. ఒకసారి పెళ్ళివారి బస్సులో సీట్లనిండా తువ్వాళ్ళే కూర్చుని వెళ్ళాయనీ, పెళ్ళివారంతా వెనకాల నడిచి వచ్చారనీ ఇప్పటికీ చెబుతాడు. నమ్మకపోతే అలుగుతాడు.

మధ్యాహ్నానికి సత్రం చేరారు. తలుపుకు తాళం. నాలుగింటికి తెరుస్తామని పలక వేలాడుతోంది. గుమ్మం ముందు అప్పటికే పదిమంది దాకా యాత్రికులు సంచులు దింపుకుని, ఒకరి మంచాన్ని ఒకరు కళ్ళతోనే లాక్కుంటున్నారు. వాళ్ళ ముందు నిలబడ్డది ఒక లెక్కల మాస్టారు. ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకొచ్చారో ఆయన నోటి లెక్కన అప్పజెబుతుంటే దర్జీ వంతు చిట్టచివర తేలింది.

కాళ్ళు సాగదీసే మిషతో దర్జీ సత్రం వెనక సందులోకి వెళ్ళాడు. పొడుగాటి పసుపు గోడ. గోడ చివర తెరిచిన కిటికీ. లోపల ఇస్త్రీ దుప్పటి పరిచిన మంచం, ఉబ్బిన దిండు. మంచం తనను పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది ఆయనకు. అటూ ఇటూ చూసి, మెడలోని తువ్వాలు తీసి, ఉండచుట్టి, ఊచల మధ్యనుంచి విసిరాడు. అది పోయి సరిగ్గా దిండు మీద కూర్చుంది.

"బావా!" వెనకనుంచి కండక్టరు కేక. "నా కళ్ళ ముందేనా? తువ్వాలు వేస్తే మంచం నీదైపోతుందా?"

"మెల్లగా అఘోరించరా!"

"మెల్లగా ఎందుకు? తువ్వాలేసి మంచం ఆపుకోవడమా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

విన్నవాళ్ళు ఏమీ అనుకోలేదు. తలో తువ్వాలూ పట్టుకుని సందులోకి పరిగెత్తుకొచ్చారు. లెక్కల మాస్టారు శాలువా విసిరాడు. ఒకాయన టోపీ, ఒకావిడ స్వెట్టరు, తువ్వాలు లేని పెద్దమనిషి రెండు రోజులుగా ఉతకని మేజోళ్ళు.

"ఒక్క మంచమే కనిపిస్తోందేం?" అని ఎవరో అనుమానపడ్డారు.

"వరసలో మొదటిది కనిపిస్తోంది, మిగతావి పక్కనుంటాయి. ఆ మాత్రం తెలీదా?" అన్నాడు మాస్టారు. లెక్కల మాస్టారు చెప్పాక ఇక లెక్క తప్పేదేముంది? అందరూ నిశ్చింతగా ఏటి ఒడ్డుకు పోయి, తిని, ఎండలో కునుకు తీశారు. వద్దు వద్దంటూనే కండక్టరు అందరికన్నా ముందు గురక పెట్టాడు.

తీరుబడిగా అయిదు దాటాక వచ్చి చూస్తే సత్రం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎక్కడివాళ్ళో ఒక గుంపు మంచాలన్నిటి మీదా కాళ్ళు చాపుకుని ఉంది.

"మా తువ్వాళ్ళేవయ్యా? వెనక కిటికీలోంచి వేశాం కదా!" అని మాస్టారు సత్రం మేనేజరును నిలదీశాడు.

"వెనకా? మాకు వెనక కిటికీలే లేవండి. అది బేకరీవాళ్ళ పడకగది."

"గోడంతా ఒకే రంగు ఉందే?"

"మా పసుపు సున్నం మిగిలితే వాళ్ళు వేసుకున్నారు."

పది జతల కళ్ళు మెల్లగా దర్జీ వైపు తిరిగాయి. మేనేజరు జాలిపడి వరండాలో చాపలు పరుస్తానన్నాడు. "అందరికీ పరవండి, ఈయనకి తప్ప. ఈయన అరుగు మీద పడుకోవాలి" అని మాస్టారు తీర్పు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే కండక్టరు జేబులో ఫోను మోగింది. అక్కగారు. కండక్టరు సంబరంగా ఫోను దర్జీ చెవికి ఆనించాడు.

"మంచం దొరికిందా?"

"దొరికినట్టే... తువ్వాలు వేశాను" అన్నాడు దర్జీ.

"మాట నానుతోందేం? మళ్ళీ చేస్తాను. అరుగు అన్నారో, పొద్దున బస్సే!"

కొండ ఇంకా మూడు రోజుల నడక దూరంలో ఉంది. కనీసం తువ్వాలైనా దక్కించుకుందామని దర్జీ బేకరీ వైపు నడిచాడు. మిగతావాళ్ళూ వెనకే బయల్దేరారు. గుమ్మం దగ్గరే ఒక గొంతు ఖంగుమంది.

"ఇది పడకగదా, సంతా? నేనొస్తున్నానని తెలిసి కూడా నా మంచం ఊరందరికీ ఇచ్చేస్తారా? దిండు మీద మేజోళ్ళు! మేజోళ్ళు!"

ట్రంకు పెట్టె పక్కన నడుమున చేతులు పెట్టుకుని ఆ ఇంటి ఆడపడుచు నిలబడి ఉంది. బేకరీ ఆయన అక్క ముందు పిండిముద్దలా కుంగిపోయాడు. ఆయన భార్య మాత్రం గుమ్మం పక్కన తాపీగా రొట్టెలు సర్దుతోంది.

దర్జీ గుండె దిటవు చేసుకుని ముందుకొచ్చాడు. "తప్పు నాదమ్మా. ఆ తువ్వాలు..."

బేకరీ ఆవిడ చటుక్కున ఆయన కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. "ఏం చెయ్యను వదినా? యాత్రికులు. మంచం కావాలంటే కాదనలేకపోయాను. మీరు వీళ్ళ మధ్య సర్దుకుంటానంటే సరే!"

"సర్దుకోవడమా? నేనా?" ఆడపడుచు ముక్కుపుటాలు అదిరాయి. "చిన్నతమ్ముడి ఇల్లు పై వీధిలోనే ఉంది. వాడి పెళ్ళానికైనా మర్యాద తెలుసు. పెట్టె ఎత్తరా!"

బేకరీ ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని అక్క వెంట వెళ్ళాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా నిష్ఠగా దుఃఖం నటించిన ఆవిడ, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"నిరుడు నాలుగు రోజులకని వచ్చి ఎండాకాలం వెళ్ళేదాకా ఉంది. 'మీకేం అక్కా, వదినగారు మీ ఇంటికే వస్తారు' అని మా తోడికోడలు ఏడాదంతా దెప్పింది. ఇక అనమనండి! మొదటి తువ్వాలు ఎవరిదయ్యా?"

ఇందాకటి పది జతల కళ్ళకు తోడుగా పది వేళ్ళు దర్జీని చూపించాయి.

"అయితే ఆ మంచం మీదే పెద్దాయనా. కొండ మీదికి వెళ్ళాక మా వదిన ఆరోగ్యం కోసం మొక్కండి. ఆ పై వీధిలోనే ఆరోగ్యంగా ఉండాలని!"

అందరూ వేడి రొట్టెలు తిని ఎవరి సామాను వాళ్ళు తీసుకుని చాపలకు వెళ్ళారు. మేజోళ్ళు ఎవరివో చివరిదాకా ఎవరూ ఒప్పుకోలేదు.

"ఏరా, ఇప్పుడు చెప్పు. సీటు మనిషిదా, తువ్వాలుదా?" అని దర్జీ మీసం తడిమాడు. నిఘా పేరుతో చాపలకు పోకుండా ఆగిన కండక్టరు మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు.

దర్జీ విజయగర్వంతో పెరట్లోకి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. మంచం మీద కండక్టరు గొంతుదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. దిండు మీద ఆయన రుమాలు చతురస్రంగా పరిచి ఉంది.

"ఇదేం అన్యాయంరా?"

"నీ తువ్వాలు తీసేశావుగా బావా, కాళ్ళు తుడుచుకోడానికి. ఖాళీ అయింది కదా అని నాది వేశాను."

నేలమీద కండక్టరు కోసం బేకరీ ఆవిడ పరిచిన మందపాటి పరుపు ఉంది. గోడకు అవతలే బేకరీ పొయ్యి కావడంతో ఆ నేల పొయ్యిగట్టంత వెచ్చగా ఉంది. నడుము ఆనించగానే దర్జీకి పోట్లాడే ఓపిక పోయింది. కొండ ఎక్కడికీ పోలేదు, అంతే చాలనుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది.

"మంచం దొరికిందక్కా. పువ్వులా ఉంది" అన్నాడు కండక్టరు పక్కకు ఒత్తిగిలుతూ.

ఎవరికి దొరికిందని ఆవిడ అడగలేదు.