రోడ్ల మంత్రిగారి నాలుగు చక్రాలు

తన అధికారిక కారుకి స్టీలు చక్రాలు వేయించాలా, అల్యూమినియం చక్రాలు వేయించాలా అన్న అంశాన్ని కూలంకషంగా పరిశీలించి, ప్రజాభీష్టం ప్రకారమే నడుచుకుంటానని రోడ్ల శాఖ మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు. ఆ రోజుకి నడుచుకోవడం తప్ప వేరే దారీ లేదు. కారు జాకీ మీద ఉంది.

కారు డ్రైవరుకి మాత్రం ఇది బతుకు సమస్య. రెండు నెలల్లో మూడు అల్యూమినియం చక్రాలు పగిలాయి. శాఖవారి ఫారంలో 'చక్రం చెడడానికి కారణం' అన్నచోట ఒకటే గడి ఉంటుంది: డ్రైవరు అజాగ్రత్త. గోతులకి గడి లేదు. శాఖ రికార్డుల్లో గోతులే లేవు మరి. మూడుసార్లూ నోరెత్తకుండా సంతకం పెట్టాడు. నాలుగోది పెడితే ఉద్యోగం ఊడుతుంది.

"ఈసారైనా నోరు విప్పండి," అంది పొద్దున్నే భార్య, భోజనం డబ్బా చేతికిస్తూ. "ఇంట్లో నా మీద విప్పే నోట్లో సగం చాలు."

ఉన్నతస్థాయి సమావేశానికి డ్రైవరుని రమ్మని, సలహా చెప్పడానికి మెకానిక్కుని పిలిపించారు.

"స్టీలుది బరువెక్కువ, చూపుకి మోటు. కానీ గోతిలో పడితే వంగుతుందంతే, సుత్తితో సరిచేసుకోవచ్చు. అల్యూమినియం తేలిక, తళతళలాడుతుంది. గట్టి దెబ్బ తగిలితే పగిలి ఊరుకుంటుంది. మన రోడ్లకి స్టీలే మంచిది సార్."

"మన రోడ్లకి అంటే?" అన్నాడు కార్యదర్శి.

మెకానిక్కు నాలిక కరుచుకున్నాడు.

"నేను స్టీలు వేయించుకుంటే రోడ్లు బాగాలేవని నేనే ఒప్పుకున్నట్టు కదటయ్యా?" అన్నారు మంత్రిగారు.

"అవును సార్," అన్నాడు మెకానిక్కు.

"అల్యూమినియం వేయించుకుంటే?"

"రోడ్లే ఒప్పుకుంటాయి సార్."

ఇంత లోతైన చర్చ ఆ శాఖలో మునుపెన్నడూ జరగలేదు. మూడు విడతల టీ అయ్యింది. ఎల్లుండే ముప్పై కిలోమీటర్ల అవతల ఆదర్శ రహదారి ప్రారంభోత్సవం. డ్రైవరు భార్యని తలుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"సార్, అల్యూమినియమే వేయించండి. అయితే... అసలు కారు నేల మీద పెట్టకపోతే చక్రం పగలదండీ."

వెటకారంగా అన్నాడో, భయంతో అన్నాడో అతనికే తెలియదు. మంత్రిగారు మాత్రం లేచి భుజం తట్టారు.

ప్రారంభోత్సవం నాటి ఉదయం, తళతళలాడే నాలుగు అల్యూమినియం చక్రాలతో మంత్రిగారి కారు ఒక లారీ మీదకెక్కింది. వెనక సీట్లో మంత్రిగారు, స్టీరింగు ముందు డ్రైవరు. ఫొటోల్లో లారీ పడకూడదని ఫొటోగ్రాఫర్లకి ఆదేశాలు వెళ్ళాయి. దారిలో లారీకి నాలుగుసార్లు చక్రం మార్చారు. పైన డ్రైవరు చేతులు కట్టుకుని హాయిగా కూర్చున్నాడు. ఇంత నిశ్చింతగా అతను ఏనాడూ డ్యూటీ చెయ్యలేదు.

సభ దగ్గర మంత్రిగారు, వెనకే డ్రైవరు నిచ్చెన దిగారు. మంత్రిగారు వేదికెక్కి మైకు అందుకున్నారు.

"ముప్పై కిలోమీటర్లు వచ్చాం. చక్రాల మీద గీత పడలేదు! ఇందులో ఒక వ్యక్తి పాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా డ్రైవరు!"

డ్రైవరు చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"దారి పొడుగునా అతను స్టీరింగు ముట్టుకోలేదు. నా కళ్ళతో చూశాను. ఇంత గొప్ప రోడ్ల మీద ఇంక డ్రైవరెందుకు? ప్రజాధనం దండగ! ఆ పోస్టుని ఈ క్షణమే రద్దు చేస్తున్నాను."

చప్పట్లు మారుమోగాయి. అవి తగ్గేదాకా ఆగి, డ్రైవరు వేదిక దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాడు:

"అయ్యా, మరి కారు కిందికి దించేదెవరండీ?"

"దించడమెందుకయ్యా?" అన్నారు మంత్రిగారు ఆశ్చర్యంగా. "నేను మళ్ళీ ఇంటికి వెళ్ళొద్దూ?"