మూడో అంతస్తులో పురజనులు

1999 ఆగస్టు ఏడో తేదీ, శనివారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. మాదాపూర్ మీద సన్నని వాన పడుతోంది. గాలి లేదు, ఉరుము లేదు, ఆకాశమంతటా ఒకే బూడిదరంగు. ఆ వానలో రామబ్రహ్మం గారు ఆటో దిగి, ప్లాస్టిక్ సంచీలో చుట్టిన నాటకం ప్రతిని గుండెకు హత్తుకుని, కొత్తగా కట్టిన ఒక అద్దాల భవనంలోకి నడిచారు. ఆనాటి ఆయన కార్యక్రమం చాలా సరళమైనది. ఉదయం నటులను ఎంపిక చేయాలి, మధ్యాహ్నం వారిచేత నాటకం చదివించాలి, నాలుగు గంటలకు మునిస్వామి గారిని మెప్పించాలి.

మూడోది కుదరకపోతే మొదటి రెండూ వృథా. మునిస్వామి ముప్పై ఏళ్ళ కిందట ఒక జానపద చిత్రం తీసిన నిర్మాత. పాటను నిషేధించిన రాజును ఒంటరిగా వదిలి పురజనులందరూ ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయే కథ అది. కళాశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన రామబ్రహ్మం దానిని సంగీత నాటకంగా మలచడానికి నాలుగేళ్ళు శ్రమించారు. రంగస్థల హక్కులు మాత్రం మునిస్వామి చేతిలో ఉన్నాయి.

"ఊరిడిసి పోయేటప్పుడు జనం ఎనక్కి తిరిగి కెమెరా చూసినారబ్బా!" అని ఆయన ఇప్పటికీ బాధపడుతుంటారు. "సినిమాలో నాకే చాతకాలే. అయిదుమందిని పెట్టుకోని స్టేజీ మీద నువ్వేం జేస్తావ్?"

ఈ శనివారం ఆఖరి అవకాశం. ఆదివారం ఆయన చిత్తూరు వెళ్ళిపోతారు. సోమవారం కథ హక్కులన్నీ టీవీ సీరియల్ వాళ్ళకు వెళ్ళిపోతాయి.

రామబ్రహ్మం పూర్వ విద్యార్థిని అశ్విని ఆ భవనంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగ నియామకాలు చూసే అధికారి. సెలవురోజు ఖాళీగా ఉంటుంది కదా అని మూడో అంతస్తులోని శిక్షణ గదిని ఆమె గురువుగారికి ఇప్పించింది. అదే రోజున నాలుగో అంతస్తులో ప్రోగ్రామర్లకు వాకిన్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. అంతస్తులు వేరు కనుక ఇబ్బంది ఉండదని ఆమె తలచింది. ఆ తర్కంలో దోషమేమీ లేదు. దానిలో వానకు చోటు లేదు, అంతే.

వాన వల్ల గేటు దగ్గరి ఇంటర్వ్యూ బోర్డు తడిసి, బాణం గుర్తు కిందికి కారడం మొదలైంది. బోర్డును పైకి తెచ్చి ఇంటర్వ్యూ గది ముందు పెట్టమని అశ్విని సెక్యూరిటీ గార్డు పోచయ్యకు చెప్పింది. అంతలో కరెంటు పోయి లిఫ్టు ఆగింది. పోచయ్య బోర్డును భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మూడో అంతస్తులో అద్దం తలుపు వెనక అతనికి ఒక దృశ్యం కనిపించింది. బల్ల వెనక గంభీరంగా ముగ్గురు: రామబ్రహ్మం, పాటలు రాసిన జయమ్మ, హార్మోనిస్టు లింగయ్య. బల్ల ముందు ఒకే ఒక ఖాళీ కుర్చీ. హార్మోనియం బల్ల కింద, తడవకుండా దుప్పటి కప్పి ఉంది.

"ఇంటర్వ్యూ గాక ఇంకేంది?" అనుకుని పోచయ్య బోర్డును అక్కడే దించాడు. కిందికి వచ్చాక అడిగినవారందరికీ "మూడో అంతస్తు, జల్ది పోండ్రి" అని చెప్పాడు.

పత్రికలో ప్రకటన చూసి రావలసిన నటులు వానకు జడిసి రాలేదు. ఉద్యోగం కావలసినవారు వానకు ఆగలేదు. తరువాత జరిగినదంతా ఈ రెండు వాక్యాల పర్యవసానమే.

మొదట లోపలికి వచ్చినవాడు సురేంద్ర, ధర్మవరం నుంచి వచ్చిన కుర్రవాడు. వచ్చీ రాగానే ఫైలు ముందుకు జరిపాడు.

"ఫైలు వద్దు నాయనా," అన్నారు రామబ్రహ్మం. "కాగితాలు చూసి మనిషిని ఎంచుకుంటామా? గొంతు వినాలి."

సురేంద్రకు కళ్ళు చెమర్చాయి. ఇంతవరకు ఏ కంపెనీ అతనితో ఇంత మర్యాదగా మాట్లాడలేదు.

"నువ్వొక రాజువి. తెల్లవారేసరికి రాజ్యంలో ఒక్క మనిషీ లేడు. ఏం చేస్తావ్?"

ఒత్తిడిలో అభ్యర్థి ఎలా ఆలోచిస్తాడో చూసే ప్రశ్న ఇదని సురేంద్రకు వెంటనే తోచింది. "కొత్త జనాన్ని రిక్రూట్ చేసుకుంటా సార్."

జయమ్మ నవ్వు ఆపుకుంటూ "పాడగలవా బాబూ?" అని అడిగింది.

"అవసరమైతే నేర్చుకుంటా మేడం. నేను ఫాస్ట్ లెర్నర్."

నేర్చుకోవలసిన అవసరం రాలేదు. ఊళ్ళో భజనల్లో పెరిగిన గొంతు అది. పల్లవి ముగిసేసరికి లింగయ్య బల్ల కిందినుంచి హార్మోనియం పైకి తీశాడు. "గొంతంటే గిట్లుండాలె సార్!"

"రాజువి నువ్వే. నాలుగింటికి పెద్దాయన వస్తారు. ఆయన ఊఁ అంటే ఖాయం," అన్నారు రామబ్రహ్మం. ఫైనల్ రౌండ్ నాలుగు గంటలకని సురేంద్ర అర్థం చేసుకున్నాడు.

అతడు బయటికి రాగానే వరండాలోని కుర్రవాళ్ళు చుట్టుముట్టారు.

"ఏమడిగిన్రు బ్రదర్? కోబాల్ ప్రోగ్రామా?"

"పాట."

"మజాక్ జేస్తున్నవా?"

"మా అమ్మ తోడు. హార్మోనియం పట్టి మరీ ఇన్నారు."

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడుతున్న కాలం కనుక ఏదీ అసంభవంగా తోచేది కాదు. ఒకడు రోడ్డవతలి ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తి అమీర్‌పేటలోని తన కోచింగ్ సెంటరుకు ఫోన్ చేశాడు. ఇంకొకడు లోపలికి వెళ్ళివచ్చి, బృందగానం కోసం జయమ్మ చేతికిచ్చిన పాట కాగితాన్ని ఫైలులో మరచిపోయి ఏకంగా అమీర్‌పేటకే తీసుకుపోయాడు. అమీర్‌పేటలో ఉదయం ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న సాయంత్రానికి కోర్సు అవుతుంది. ఆనాడు మధ్యాహ్నానికే అయింది. భోజనాల వేళకు ఆ పాట జిరాక్స్ షాపుల్లో 'లేటెస్ట్ ఇంటర్వ్యూ మెటీరియల్'గా దొరుకుతోంది. కోచింగ్ సెంటరు మాస్టారు దానికి మోడల్ జవాబు కూడా చేర్చాడు: "మీ గురించి చెప్పండి అనగానే అడగకుండానే పల్లవి అందుకోవలెను."

మూడు గంటలకు అరవైమంది ఆటోల్లోంచి దిగారు. అందరి చంకల్లో ఫైళ్ళు, అందరి నోళ్ళలో ఒకే పాట.

"ఏంది సార్ ఇది? పట్నంల గింతమంది నాటకం పిచ్చోళ్ళున్నరా?" అన్నాడు లింగయ్య.

"కళ చచ్చిపోయిందన్నవాళ్ళను పిలిచి చూపించాలయ్యా," అన్నారు రామబ్రహ్మం.

ఈలోగా నాలుగో అంతస్తులో మద్రాసు నుంచి వచ్చిన ముగ్గురు మేనేజర్లు ఉదయం నుంచీ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. అశ్విని ఒకసారి కిందికి వెళ్ళి ఆరా తీయబోయింది. అప్పటికి కరెంటు వచ్చి లిఫ్టు నడుస్తోంది. అందువల్ల ఆమె మూడో అంతస్తును చూడకుండానే దాటిపోయింది. పోచయ్య టీ తాగడానికి వెళ్ళినందున గేటు దగ్గర ఎవరూ లేరు.

"వాన కదా సార్," అంది తిరిగి వచ్చి.

"మీ హైదరాబాద్ ప్రోగ్రామర్లు వానకు కరిగిపోతారామ్మా? ఇంకో గంట చూసి స్టేషన్‌కు బయల్దేరతాం," అన్నాడు పెద్ద మేనేజరు.

సరిగ్గా నాలుగింటికి మునిస్వామి వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. సురేంద్ర భుజాలకు జయమ్మ తన పట్టు శాలువా కప్పి, జారకుండా రెండు పిన్నీసులు పెట్టింది. పొడవైన ఆ శాలువా కొంగు నేలమీద పడి, మునిస్వామి కుర్చీ జరుపుకున్నప్పుడు దాని కాలి కింద చిక్కుకుంది. ఎవరూ గమనించలేదు. లింగయ్య శ్రుతి పట్టాడు. అరవై గొంతులు ఒక్కసారిగా లేచాయి:

"పోదమురా పోదమురా, పురము విడిచి పోదమురా..."

మునిస్వామి ముందుకు వంగారు. "జనం బాగున్నారబ్బా," అన్నారు మెల్లగా. "పోయేది చూడాల. పోయేకాడే చెడేది."

ఆ పాట నాలుగో అంతస్తు నేలను అదరగొట్టింది. అశ్విని ఈసారి మెట్ల మీదుగా దిగింది. తలుపు తీసి, చంకల్లో ఫైళ్ళున్న అరవైమందిని చూసింది. వెంటనే అరిచింది.

"మీరంతా ఇంటర్వ్యూకొచ్చినోళ్ళా? ఇంటర్వ్యూ పైన! ఫోర్త్ ఫ్లోర్! వాళ్ళు వెళ్ళిపోతున్నారు!"

పాట మధ్యలో తెగింది. ఆ అరుపు కూడా నాటకంలో భాగమే అనుకున్నారు మునిస్వామి. అరవైమంది ఒక్కమాట లేకుండా, ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా, ఒకరినొకరు తోసుకుంటూ ఆ గది విడిచి పరుగెత్తారు. కుర్చీలు పడిపోయాయి, ఒక చెప్పు మిగిలిపోయింది. నిమిషంలో గది నిర్మానుష్యమైంది.

నడుమ రాజు ఒక్కడే నిలిచాడు. సురేంద్ర తలుపు వైపు రెండు చేతులూ చాచి ముందుకు ఉరికాడు. శాలువా పట్టి లాగింది. మళ్ళీ ఉరికాడు, మళ్ళీ లాగింది. చేతికి అందిన ఉద్యోగం మెట్లెక్కి వెళ్ళిపోతుంటే అతని ముఖంలో కనిపించినదాన్ని ఏ దర్శకుడూ చెప్పి చేయించలేడు.

"సార్... రవ్వంత లేయండి సార్..." అన్నాడు కాని మెట్ల మీది పరుగుల చప్పుడులో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

మునిస్వామి చెంపల మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. "ఇదీ! ముప్పై ఏండ్లాయె దీనికోసరం! ఒక్కడన్నా ఎనక్కి చూసినాడా? చూడలా!" అంటూ చప్పట్లు కొట్టడానికి లేచారు. కుర్చీ కదిలింది, శాలువా విడివడింది, రాజు కూడా బాణంలా దూసుకుపోయాడు.

మునిస్వామి రామబ్రహ్మం వైపు తిరిగారు. "కడాన రాజు గూడా జనం ఎనకాలే పోతాడా! నా సినిమాలో ఇది లేదే. నువ్వు రాసినావా రామబ్రహ్మం?"

రామబ్రహ్మం జీవితాంతం విద్యార్థులకు సత్యం బోధించిన మనిషి. ఆయన తెరిచి ఉన్న తలుపు వైపు ఒకసారి, మునిస్వామి జేబులోని కలం వైపు ఒకసారి చూశారు.

"ఇవాళే చేర్చానండి," అన్నారు.

హక్కుల కాగితం మీద అక్కడికక్కడే సంతకం పడింది.

నాలుగో అంతస్తులో మేనేజర్లు ఆ సాయంత్రం రైలు మానుకున్నారు. "మీ గురించి చెప్పండి" అన్న ప్రతిసారీ ఎదుటివాడు పల్లవి అందుకున్నాడు. ఉదయమే పాడేసినందువల్ల, అమీర్‌పేట మెటీరియల్ చూడనందువల్ల, సురేంద్ర ఒక్కడే తన పేరూ చదువూ మామూలుగా చెప్పాడు. శాలువా సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. సోమవారం నుంచి ఉద్యోగం. శని, ఆదివారాలు రాజ్యం.

నాటకం డిసెంబరులో మొదలై నాలుగేళ్ళు ఆడింది. పురజనుల నిష్క్రమణ ఎన్ని రిహార్సళ్ళు చేసినా కుదరకపోవడంతో, ప్రతి ప్రదర్శనలోనూ ఆ ఘట్టంలో అశ్విని తెర వెనకనుంచి "ఇంటర్వ్యూ పైన!" అని అరిచేది. అమీర్‌పేటలో ఆ పాట కోర్సు 2003 దాకా నడిచింది. అంతవరకు ఏ కంపెనీ ఇంటర్వ్యూలోనూ పాట అడగలేదు. సిలబస్ మాత్రం రెండుసార్లు మార్చారు.